సూడిబర్రె కథానిక

గోపాలరావు పంతులు మహా మెత్తని మనిషి. ఎవరేమన్నా పడేవాడు. ఒక్క మాట జోలికి వస్తే మాత్రం ఊరుకునేవాడు కాడు. ఆ మాట కథానిక.

పొద్దున్నే తలుపు తీస్తే కోటప్పకొండ కనపడే ఊళ్ళో ఆయన బోర్డు బడి తెలుగు పంతులు. సేద్యగాళ్ళ ఇంట పుట్టి, అరక అన్నదమ్ములకు ఒప్పజెప్పి, చదువు తన వంతుకు తెచ్చుకున్నాడు. వారపత్రికల్లో చిన్న చిన్న కథలు రాసేవాడు. ఎంత చిన్నవంటే, మనిషి చుట్ట ముట్టించి అది ఆరేలోగా చదివేయొచ్చు. అందులో ఒక్క మాట తీసేసినా ఇల్లు కూలుతుందని ఆయన నమ్మకం. నమ్మకం ఆయనది కాబట్టి మనం కాదనక్కర్లేదు.

నరసరావుపేటలో పుల్లారావని ఒక ప్లీడరు ఉండేవాడు. ఇంగ్లీషు బాగా చదివినవాడు. ఈ చిన్న కథ అనేది మనది కాదనీ, ఓడెక్కి వచ్చిన సరుకనీ, దానికి కథానిక అని సంస్కృతం పేరు తగిలించి మనదే అనుకుని మురిసిపోతున్నామనీ ఆయన వాదన. పేరు మన తాతదీ, పిల్లవాడు దొరలవాడూ అని నలుగురిలో నవ్వేవాడు. గోపాలరావుకి ఒళ్ళు మండిపోయేది. దొరలు బట్ట కట్టడం నేర్వకముందే మన పురాణంలో ఈ మాట ఉందని చెప్పేవాడు. వచనంలో రాసేవి అయిదు రకాలనీ, ఆఖ్యాయిక, కథ, ఖండకథ, పరికథ అన్నీ అయ్యాక చిట్టచివర కూర్చున్న పిల్ల కథానిక అనీ వేళ్ళు మడిచి లెక్కపెట్టేవాడు. దానికి లక్షణం కూడా పెద్దలే చెప్పి పోయారు. భయం ఉండాలి. సుఖం ఉండాలి. నడిమధ్యన కరుణ ఉండాలి. చివర అద్భుతం ఉండాలి. రాజులూ యుద్ధాలూ ఏమీ అక్కర్లేదు, మామూలు సంగతి చాలు.

ఈ లక్షణం ఆయన బళ్ళో చెప్పాడు, మంగలి ముందు కూర్చుని చెప్పాడు, పెళ్ళిపందిట్లో బంతి మీద వడ్డన అవుతుంటే చెప్పాడు. వినీ వినీ ఊళ్ళో గొర్రెలకాపర్లకు కూడా నోటికి వచ్చేసింది. ఇంట్లో మాత్రం చెప్పలేదు. భార్య బసవమ్మకి అక్షరం ముక్క రాదు. ఆమె అడగలేదు, ఈయన చెప్పలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పంతులు రచ్చ నుంచి ఇంటికొచ్చేసరికే గొంతు రాసుకుపోయి ఉండేది. అన్నం తిని పడుకునేవాడు.

వాళ్ళకు పిల్లలు లేరు. ఒక బర్రె ఉండేది. పంతొమ్మిదివందల నలభై మూడు ఎండాకాలంలో అది సూడితో, నేడో రేపో ఈనేలా ఉండగా మేతకు పోయి మళ్ళీ రాలేదు. బసవమ్మ డొంకలన్నీ తిరిగింది, కొండ అడుగు దాకా పోయి పేరు పెట్టి పిలిచింది, కాళ్ళు బొబ్బలెక్కి చీకటి పడ్డాక ఇల్లు చేరింది. ఆ రోజు గోపాలరావు నరసరావుపేట సభలో పుల్లారావు మీద గెలిచి వచ్చాడు. బర్రె సంగతి విని, పోతే పోయిందిలే, ఇంకోటి కొందామన్నాడు. ఇంకోటి కొననూ లేదు, ఆమె అడగనూ లేదు. బర్రెను కట్టేసే గాటిపాట ఖాళీగా ఉన్నా, దాన్ని మాత్రం ఆమె రోజూ ఊడ్చేది.

మరుసటేడు, నలభై నాలుగు ఎండాకాలంలో, ఒక తెల్లవారుజామున బసవమ్మ పొయ్యిలోకి పిడకల కోసం కుప్పలో చెయ్యి పెట్టింది. ఏదో చురుక్కుమంది. ముల్లనుకుంది. చెయ్యి నోట్లో పెట్టుకుని చప్పరించి, పొయ్యి రాజేసి, అన్నం వార్చింది. కాస్త పొద్దెక్కాక కడుపులో నొప్పి అంది. ఇంకాస్త ఉండి, రెప్పలు బరువెక్కుతున్నాయి, ఏందోగా ఉందంది. పక్కింటివాళ్ళు కుప్ప విప్పి చూస్తే అడుగున కట్లపాము చుట్ట చుట్టుకుని ఉంది.

ఆ ఊళ్ళో పాము కరిచిందని ఎవరూ అనరు. పురుగు ముట్టిందంటారు. పేరెత్తితే విషానికి బలం వస్తుందని భయం. పురుగు ముట్టిందన్న కేక వినగానే జాన్ సాహెబ్ వచ్చాడు. మంత్రం వేసే ముసలాయన. మోచేతి పైన తాడు బిగించి, వేపాకు నమిలించి, చేదు తెలుస్తుందా అని అడిగాడు. విషం ఎక్కినవాళ్ళకు చేదు తెలియదంటారు. బసవమ్మ చాలాసేపు నమిలి, కొంచెం తెలుస్తుందంది. జాన్ సాహెబ్ మొహం మాడిపోయింది. నిజం చెప్పే మనిషి కాబట్టి గోపాలరావుని పక్కకి తీసుకుపోయాడు.

"నా మంత్రం తేలుకు చాలు, జెర్రికి చాలు. దీనికి చాలదు పంతులుగారూ. నరసరావుపేట ఆస్పత్రిలో సూదుందంట, తోలుకుపోండి. దారిలో నిద్ర మాత్రం పోనీయమాకండి. కళ్ళు మూసిందా, ఇంక ఆమె మనది కాదు. మాటలు చెప్తానే ఉండండి. మీరు కతలు రాస్తారు గదా."

ఆ మాటతో అక్కడ చేరిన వాళ్ళందరికీ ప్రాణం లేచొచ్చింది. అవును గదా, కథలు చెప్పి మేలుకోబెట్టడానికి మన పంతులుని మించినవాడు ఏ ఊళ్ళో ఉన్నాడనుకున్నారు. వీధి వీధంతా ఆయన వంక చూసింది. గోపాలరావు కూడా, పాపం, ధైర్యం తెచ్చుకున్నాడు.

పెట్రోలంతా యుద్ధానికి పోతున్న రోజులు. పేట బస్సు బొగ్గుతో నడిచేది. వచ్చిననాడు వచ్చినట్టు, రానినాడు రానట్టు. దాని కోసం కూర్చోకుండా, చిలకలూరిపేట మిల్లులకు పత్తి తోలే కాలేషా తన బండి కట్టాడు. ఆడవాళ్ళు తోడు వస్తామన్నారు. బండి తేలికైతేనే ఎడ్లు పరిగెత్తుతాయని కాలేషా ఎవరినీ ఎక్కనివ్వలేదు. గడ్డి మీద బొంత పరిచి, బసవమ్మ తల గోపాలరావు ఒళ్ళో పెట్టి తోలాడు.

ఊరు దాటగానే పంతులు తన కథల్లో అన్నిటికన్నా మంచిదని పేరొచ్చిన కథ మొదలుపెట్టాడు. చెప్పాల్సినంత చెప్పి, ఆపాల్సిన చోట ఆపాడు. పత్రికవాళ్ళు మెచ్చుకున్న ముగింపు అది. బసవమ్మ ఆయన మొహంలోకి చూసి అడిగింది.

"అయిపోయిందా? ఇంతేనా?"

అయిపోయిందన్నాడు. ఆమె ఊఁ అంది. బండి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో ఆమె రెప్పలు వాలాయి. కాలేషా వెనక్కి తిరిగి కేకేశాడు. గోపాలరావు ఆమె చెంపలు తట్టి గబగబా ఇంకో కథ ఎత్తుకున్నాడు. అదీ అంతే. చుట్ట ఆరేలోగా అయిపోయింది. మళ్ళీ ఇంతేనా అంది, మళ్ళీ రెప్పలు వాలాయి. మూడోదీ అంతే. పదేళ్ళుగా ఏ గుణం కోసం ఆయన ఊరూవాడా పోట్లాడాడో, ఆ కురచదనమే ఇవాళ కొరివై కూర్చుంది. కథ అయిపోయిన ప్రతిచోటా నిద్ర కాచుకుని ఉంది.

"కత ఆపమాకండి పంతులుగారూ," అన్నాడు కాలేషా. "మా నాయన మొహర్రం రోజుల్లో ఒక్క కతే వారం చెప్పేవాడు. పొడుగుది చెప్పండి."

పొడుగుది ఆయన దగ్గర లేదు. బుర్ర గోక్కుంటుంటే బసవమ్మే ఆదుకుంది. నాలుక కొంచెం మందంగా తిరుగుతోంది గానీ మాట తెలుస్తోంది. నలుగురిలో మొగుణ్ణి ఆమె మీరు అనేది. ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు నువ్వు అనేది. కాలేషా అక్కడ ఉన్నాడన్న సంగతి మరిచిపోయినట్టుంది.

"అది గాదయ్యా. నువ్వు అందరితో తగువులాడతావే, కథానికని. ఏందది? నాకు చెప్పవేంది ఎప్పుడూ?"

ఆమెకు ఆ మాట చెప్పడం గోపాలరావుకి అదే మొదలు. అయినా చెప్పాడు. అది చిన్న కథ అనీ, దాని పేరు చాలా పాతదనీ, ఎప్పుడో మునులు పెట్టిందనీ చెప్పాడు. అందులో భయం ఉంటుంది, సుఖం ఉంటుంది, నడుమ జాలి ఉంటుంది, చివర అద్భుతం ఉంటుంది, పెద్దవాళ్ళ సంగతులు అక్కర్లేదు, మనలాంటివాళ్ళ సంగతి చాలు అన్నాడు. ఆమె శ్రద్ధగా విన్నది. ఇంతకాలం ఇంటాయన ఎవరెవరితోనో పోట్లాడింది దీని కోసమా అన్నట్టు కాస్త నవ్వింది కూడా.

"బాగానే ఉంది," అంది. "అయితే నాకొకటి చెప్పు. ఇప్పటిదాకా నువ్వు చెప్పినయ్యి గాదు. నాకు చెప్పు."

ఏం తోచిందో ఏమో, గోపాలరావు బర్రె కథ ఎత్తుకున్నాడు. అనగనగా ఒక ఆడమనిషికి సూడిబర్రె ఒకటి ఉండేదన్నాడు. ఆ మాట అనగానే బసవమ్మ కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. ఒక సాయంత్రం అది మంద వెంట రాలేదన్నాడు. ఆడమనిషి పలుపుతాడు భుజాన వేసుకుని బయల్దేరింది. డొంకదారిలో గిట్టల గుర్తులు కనిపించాయి, వాగు దగ్గర మాయమయ్యాయి. వాగు దాటాక మళ్ళీ కనిపించాయి, ఈసారి వాటి పక్కనే తోడేలు అడుగులు ఉన్నాయి. బసవమ్మ ఆయన పంచె కొంగు గట్టిగా పట్టుకుంది. దాని కొమ్ములు ఎట్టాంటివి అని అడిగింది. ఒకటి పైకి, ఒకటి కిందికి అన్నాడు. వాళ్ళ బర్రెకూ అట్లాగే ఉండేవి. అన్నేళ్ళు ఆ కొమ్ముల్ని తాను చూశాడన్న సంగతి ఆయనకే అప్పుడు తెలిసింది.

ఆగకూడదు కాబట్టి ఆయన ఆ ఆడమనిషిని ఎక్కడెక్కడో తిప్పాడు. మందవాళ్ళని అడిగించాడు, సత్రం అరుగు మీద కూర్చోబెట్టాడు, తిరునాళ్ళ ప్రభలు వెళ్ళే దారిలో నడిపించాడు, కాలిలో ముల్లు విరిగితే చెట్టు కింద ఆమె చేతే తీయించాడు. ఎవరూ లేని మనిషి గదా, ముల్లు తీసే తోడు కూడా లేదన్నాడు. బసవమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఎడ్లు నురగలు కక్కుతూ పోతున్నాయి. ఆమె మేలుకునే ఉంది. నేను బతికించుకుంటానని గోపాలరావుకి ఆ కాసేపూ గట్టిగా అనిపించింది. బతుకులో ఆయన చెప్పిన పెద్ద కథ అదే, మంచి కథా అదే.

దారిలో తూము ఒకటి వస్తుంది. అక్కడికి వచ్చేసరికి ఆమె మాట ముద్దముద్దగా అయిపోయింది. కథలో ఆడమనిషి కొండ మొదట్లో పెద్ద బండరాయి దగ్గర నిలబడి ఉంది. రాయి వెనక నుంచి మెడగంట చప్పుడు వినిపించింది. బసవమ్మ పెదాలు కదిలాయి. ఆయన వంగి చెవి పెట్టాడు.

"బర్రె... దొరికిందా?"

అవునని చెప్తే సరిపోయేది. ముగింపు ఆయన దగ్గర ఎప్పటి నుంచో ఉంది, కథ ఎత్తుకున్నప్పుడే ఉంది. కానీ చెప్తే కథ అయిపోతుంది. అయిపోతే నిద్ర వస్తుంది.

"చెప్తా. చివర అద్భుతం ఉండిద్దని చెప్పాగా, చెప్తా. ముందు కళ్ళు తెరువు బసవా."

ఆమె తెరవలేదు. రెప్పలు పూర్తిగా వాలిపోయాయి. పంచె కొంగు పట్టుకున్న వేళ్ళు వదులయ్యాయి. తట్టాడు, పిలిచాడు, కుదిపాడు. పలకలేదు. కాలేషా బండి ఆపి దిగొచ్చి ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. వడగాలికి ఏదీ తెలియలేదు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. కళ్ళు మూస్తే మనది కాదన్న జాన్ సాహెబ్ మాట ఇద్దరికీ చెవిలోనే ఉంది.

వెనక్కి తిప్పమంటారా అని కాలేషా అడిగాడు. గోపాలరావుకి ఆ ఇల్లు, ఊడ్చిన గాటిపాట కళ్ళముందు ఆడాయి. ముందుకే పోనీయమన్నాడు. కాలేషా ఇక ఎడ్లను అదిలించలేదు. వాటి నడక అవి నడిచాయి.

అక్కడి నుంచి పేట దాకా కథ లేదు. చాలాసేపటికి కాలేషా నెమ్మదిగా, బసవక్క అన్నగారికి కబురు ఎవరిచేత పంపాలో అడిగాడు. గోపాలరావు చెప్పాడు. కట్టెలు ఎండినవి ఊళ్ళో ఎవరి దొడ్లో ఉన్నాయో అనుకున్నారు. చీకటి పడకముందే కానిచ్చేయాలని అనుకున్నారు. ఆమె కంటి కొస నుంచి తడి ఒకటి చెవి మీదికి జారింది. ఎండకు చెమట పట్టిందనుకుని గోపాలరావు కండువాతో తుడిచాడు.

ఆస్పత్రిలో డాక్టరు బసవమ్మను చాలాసేపు పరీక్షించాడు. రెప్ప ఎత్తి చూశాడు, గొట్టం గుండె మీద పెట్టి మళ్ళీ మళ్ళీ విన్నాడు. ఆ సూదిమందు యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ సరిగ్గా రావడం లేదనీ, ఈ ఏడాది అసలే రాలేదనీ, పొద్దున్నే తెచ్చినా తాను చేయగలిగింది ఏమీ లేదనీ ముందే చెప్పేశాడు. తర్వాత ఎప్పుడు ప్రాణం పోయిందని అడిగాడు. తూము దగ్గర అన్నాడు గోపాలరావు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

"కాదండీ. ఇప్పుడే, మీరు ఆస్పత్రి గేటులోకి వస్తుండగా పోయి ఉంటుంది. కట్లపాము విషం అట్లాగే ఉంటుంది. రెప్పలు వాలిపోతాయి, నాలుక పడిపోతుంది, చెయ్యి కదపలేరు. చూసేవాళ్ళు నిద్ర అనుకుంటారు. నిద్ర కాదు. చివరిదాకా తెలివి ఉంటుంది, అన్నీ వినపడుతుంటాయి."

ఆయన చెడ్డవాడు కాడు. తనకు తెలిసింది చెప్పాడు. చెప్పాక ఎదుటివాడి మొహం చూసి, ఎందుకు చెప్పానా అనుకుని ఉంటాడు.  తూము దగ్గర నుంచి పేట గేటు దాకా ఉన్న దారంతా గోపాలరావుకు మళ్ళీ కనపడింది. ఆ దారంతా ఆమె చీకట్లో బండరాయి దగ్గర నిలబడి, గంట చప్పుడు వింటూ, బర్రె దొరికిందో లేదో చెప్తాడని ఎదురుచూసింది. ఆమె విన్న మాటలు కట్టెల గురించి. తుడిచింది చెమట కాదు.

సూది ఉన్నా లేకపోయినా ఆమె దక్కేది కాదు. ఆ వేళ లోకం మొత్తం మీద ఆమెకు ఇవ్వగలిగింది ఒకే ఒక్క మాట. అది ఆయన నోట్లో ఉంది. ఉండీ ఇవ్వలేదు. తన మీద తనకు పుట్టిన అసహ్యానికి ఏడుపు కూడా రాలేదు.

తిరుగు దారిలో బండి నెమ్మదిగా నడిచింది. పొద్దు కొండ వైపు వాలుతోంది. తూము దగ్గరికి రాగానే గోపాలరావు ఆమె తలను మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు. చెవి దగ్గరికి వంగాడు. పోయేటప్పుడు ఎక్కడ ఆపాడో అక్కడే కథ ఎత్తుకున్నాడు.

"ఆ ఆడమనిషి రాయి వెనక్కి పోయి చూసింది బసవా. బర్రె అక్కడే ఉంది. పక్కన పెయ్యదూడ, ఇంకా తడి కూడా ఆరలేదు. తోడేలు ఎదర కూర్చుని ఉంది గానీ, బర్రె కొమ్ములు వంచి నిలబడితే దగ్గరికి రాలేకపోయింది. ఆడమనిషిని చూసి బర్రె అరిచింది. దూడను ఆమె కొంగులో చుట్టుకుని ఎత్తుకుంది. తల్లిబర్రె ఆమె వెనకే నడిచింది. ఇంటికొచ్చినయ్యి."

కాలేషా తలపాగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎటో చూస్తున్నాడు. కథ అక్కడికి అయిపోయింది. భయం ఉంది, సుఖం ఉంది, నడిమధ్యన కరుణ ఉంది, చివర అద్భుతం కూడా ఉంది. మామూలు మనుషుల సంగతే. పెద్దలు చెప్పిన లక్షణానికి వెంట్రుకవాసి తేడా లేదు. అయిపోయిందా, ఇంతేనా అని అడిగే మనిషి మాత్రం లేదు. ఊరి పొలిమేర దాకా గోపాలరావు ఆ మాట కోసం చెవి ఒగ్గి కూర్చున్నాడు.